అరవై ఒకటో పన్ను

నేను ఒక ఇనుప చక్రాన్ని. ఒంటినిండా పళ్ళే గాని నోరు లేదు. పళ్ళు అరవై ఒకటి. లెక్క వచ్చినవాడు ఎవడు నన్ను చూసినా ఒకటే అడుగుతాడు, "అరవై పెట్టకపోయారా, నిండుగా ఉండేది కదా" అని. మనుషులకి నిండు అంకెలంటే మహా మోజు. అరవై నిండితే పండగ చేసుకుంటారు, నూరు నిండితే ఊరంతా చెప్పుకుంటారు. అరవై ఒకటి అనేసరికి పిలవని చుట్టం వచ్చి పంక్తి చివర కూర్చున్నట్టు చూస్తారు. ఆ చివరి పన్ను ఎందుకుందో బాగా తెలిసినవాళ్ళు ఇద్దరే. ఇప్పుడు ఒక్కరే మిగిలారు. ఆ ఒక్కరి గురించీ, లేని ఆవిడ గురించీ తలుచుకోవడం తప్ప నాకిప్పుడు వేరే పని లేదు. అందుకని చెబుతున్నాను.

అనకాపల్లి నుంచి చోడవరం పోయే రోడ్డు పక్కన లోవరాజు షాపు ఉంది. ముందు భాగంలో లేతు, చక్రాలకి పళ్ళు కోసే మిషను, నేలంతా నూనె మరకలు. మధ్యలో రేకు గోడ. గోడకి అవతల ఆయన భార్య నూకరత్నం కుట్టుమిషను, గుడ్డపేలికలు, గుండీల డబ్బా. లోవరాజు ఇనుము కోసేవాడు, ఆవిడ జాకెట్లు కుట్టేది. మేనరికం కనక ఆవిడ ఆయన్ని "బావా" అనే పిలిచేది. సంతానం లేదు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తేవారు కాదు. ఆ ఇంట్లో సందడంతా రేకుకి అటూ ఇటూ నడిచే కేకలే.

ఆ కేకల కథ నేను పుట్టకముందుది. షాపులో పాత సామానంతా చెప్పుకుంటూ ఉంటే విన్నాను. లోవరాజు పనిలో చెయ్యి తిరిగినవాడే గాని లెక్కల్లో అంతంతమాత్రం. పళ్ళు కోసే మిషనుకి ఒక పక్క ఇనుప పళ్ళెం ఉంటుంది, దాని నిండా వరసలు వరసలుగా బెజ్జాలు. ఎన్ని పళ్ళు కోయాలో ఆ అంకె దేనితో భాగం పోతుందో విడగొట్టి చూస్తే గాని మిషను సూది ఏ వరసలో దిగాలో తెలియదు. పెళ్ళైన కొత్తలో ఆయన పొద్దుటినుంచీ ఒక చక్రం ముందు నిలబడి "నలభై రెండు... నలభై రెండు..." అని తల గోక్కుంటున్నాడట. అవతల కుట్టుమిషను టక్కున ఆగింది. "రెండు, మూడు, ఏడు. ఇంక గొణక్కు బావా, నాకు కుట్టు తప్పుతంది" అని కేక వినిపించింది.

నూకరత్నం పదో తరగతి దాకా చదివింది. అంకె కనిపిస్తే ఊరుకోలేని మనిషి. బస్సు మీద నంబరు చూసినా, గోడ మీద తేదీ చూసినా దాన్ని ముక్కలు చేసి చూస్తే గాని తోచేది కాదు. రెండుతో మొదలెట్టేది. పోకపోతే మూడు, తరవాత ఐదు, ఏడు. ముక్కని మళ్ళీ ముక్క చేసి, ఇంక ఎవరితోనూ పోని ముక్కలు చేతికొచ్చాక వదిలేది. అసలు దేనికీ లొంగని అంకె తగిలితే దాన్ని "మొండిది" అనేది. బళ్ళో దానికి ప్రధాన సంఖ్య అని పెద్ద పేరుందని ఆవిడకి తెలుసు. కానీ రేకు గోడ మీంచి అరవడానికి ఆ పేరు అనువు కాదు.

అలా ఆ ఇంటికి అదే ఆచారమైపోయింది. ఆయన ఇటునుంచి "డెబ్బై?" అనేవాడు. అటునుంచి "రెండు, ఐదు, ఏడు" అని జవాబు. "నలభై ఎనిమిది?" "రెండు, రెండు, రెండు, రెండు, మూడు. కూర ఉప్పు చూసినావా?" కొన్నాళ్ళకి లోవరాజుకే ఆ లెక్కలు వచ్చేశాయి. వచ్చినా అడగడం మానలేదు. అడిగితే అటునుంచి ఆ గొంతు వస్తుంది. ఆయనకి కావలసింది అదే. ఆవిడకీ ఆ సంగతి తెలుసనే నా అనుమానం.

ఇక నా పుట్టుక. తిమ్మరాజుపేట దగ్గర జగ్గారావు గారని ఒక రైతు ఉండేవారు. ఆయనకి సొంత చెరకు గానుగ, బెల్లం పెనాలు. ఆ గానుగలో అరవై పళ్ళ పెద్ద చక్రం, పదిహేను పళ్ళ చిన్న చక్రం. ఏటా బెల్లం వండే రోజుల్లో పెద్ద చక్రానికి సరిగ్గా అవే నాలుగు పళ్ళు విరిగేవి. అతికిస్తే మళ్ళీ అవే. జగ్గారావు గారు గుమ్మడికాయలు కొట్టించారు, గానుగకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టించారు, పక్క పొలం వాళ్ళతో మాటలు మానేశారు. చివరికి ఆ రెండు చక్రాలూ బండిలో వేసుకుని లోవరాజు షాపుకి వచ్చి కూలబడ్డారు.

"ఎవుడి కన్నో పడిపోనాదిరా లోవరాజూ. లేపోతే అవే నాలుగు పళ్ళు ఎందుకిరుగుతాయి? మిగతావి ఇనుము కాదేటి?" అన్నారాయన.

నూకరత్నం కుట్టు సుద్ద పట్టుకుని రేకు ఇవతలకి వచ్చింది. చిన్న చక్రాన్ని తిప్పి చూసి, అంచు పగిలిన పన్ను ఒకటి పట్టుకుని దానికి సుద్ద దట్టంగా పూసింది. రెండు చక్రాలనీ జతచేసి లోవరాజు చేత చేత్తో తిప్పించింది. ఎన్ని చుట్లు తిప్పినా సుద్ద మరక పెద్ద చక్రం మీద నాలుగు పళ్ళకే అంటింది. విరిగేవి అవే.

"కన్నూ కాదు, దిష్టీ కాదు బాబూ, పదిహేను" అంది. "అరవైలో రెండు రెళ్ళు, ఒక మూడు, ఒక ఐదు. పదిహేనులో మూడూ, ఐదూ. పదిహేను మొత్తం అరవైలో ఉండిపోనాది. అందుకే ఈ పగిలిన పన్ను తిరిగి తిరిగి ఆ నాలిగింటి మీదే పడతంది. అరవై ఒకటి పెట్టండి. అది మొండిది, పదిహేనుతో దానికి పొత్తు లేదు. ఈ పన్ను ఒక్కో చుట్టూ ఒక్కో చోట తగులుతాది. దెబ్బ అందరూ పంచుకుంటారు, ఎవరూ ఇరగరు."

జగ్గారావు గారికి సగమే అర్థమైనట్టుంది. అయినా ఆవిడ మొహంలో ధీమా చూసి సరేనన్నారు. ఆ మాట ఆవిడ నోట్లోంచి వచ్చిన క్షణమే నా పుట్టుక అనుకుంటాను. పోత పోయడం తరవాతి సంగతి.

తీరా పోత ఇనుము వచ్చాక లోవరాజు మొహం వేలాడేశాడు. బెజ్జాల పళ్ళెంలో అరవై ఒకటికి వరస లేదు. విడిపోని అంకెకి ఏ వరసా సాయం రాదు. ఆయన రెండు రోజులు పళ్ళెం చుట్టూ తిరిగి, అరవయ్యే కోసేద్దామన్నాడు. ఆవిడ మెడలో ఉన్న టేపు తీసింది. కత్తెరతో అరవై ఒకటో సెంటీమీటరు దగ్గర కసుక్కున కత్తిరించి ఆయన చేతిలో పెట్టింది. "కర్రబిళ్ళ ఒకటి చెక్కు. దాని చుట్టూ ఇది సరిగ్గా అతుక్కోవాలి. చక్రంతో పాటు తిరిగేలా బిగించి, ఒక్కో గీతకీ ఒక్కో పన్ను కోసుకో" అంది.

ఆ టేపుకి వెనకవైపు అంగుళాలు ఉంటాయి కదా. అటు తిప్పి చూస్తే అది దగ్గర దగ్గర ఇరవై నాలుగు అంగుళాలు. ఇటు చూస్తే మొండిది, అటు చూస్తే ఎన్ని ముక్కలైనా అయ్యేది. నూకరత్నం దానికి చాలాసేపు నవ్వింది. మిగిలిన టేపుతోనే తరవాత జాకెట్లన్నీ కొలిచింది. కొత్తది కొనుక్కోమంటే వినలేదు. అది ఇరవై నాలుగు దగ్గరే మొదలవుతుంది కనక ప్రతి కొలతలోంచీ ఇరవై నాలుగు తీసేసేది. లావుపాటి ఆడవాళ్ళకి ఆ ముక్క చాలక రెండుసార్లు చుట్టాల్సి వచ్చేది, వాళ్ళు చిన్నబుచ్చుకునేవారు. "మా ఆయన చక్రానికి ఎట్టీసినాను మరి" అని గొప్పగా చెప్పేది. గీత గీతకీ ఆగుతూ ఆయన కోస్తుంటే, ఒక్కో పన్నూ తెగినప్పుడల్లా అటునుంచి ఆవిడ లెక్క చెప్పింది. అరవై ఒకటి అనే మాట నేను మొదట విన్నది ఆ గొంతులోనే.

జగ్గారావు గారి గానుగలో చాలా ఏళ్ళు పనిచేశాను. చిన్న చక్రం పగిలిన పన్నుతోనే నా పక్కకి వచ్చింది. దాని దెబ్బ నా ప్రతి పంటికీ తగిలింది, ఏ పన్నూ ఊడలేదు. ఇంత చేసినా ప్రతి ఏడూ మొదటి చెరకు వేసే ముందు నాకు నిమ్మకాయలు కట్టేవారు. సీజను బాగా సాగితే నిమ్మకాయల మహిమ అనేవారు. నాకు కోపం రాలేదు. బెల్లం వాసన మధ్య ఎవరికి కోపం వస్తుంది?

తరవాత గానుగ మూసేశారు. జగ్గారావు గారు నన్ను తూకానికి వేయడానికి మనసొప్పక, "నీ చేతిదే, నువ్వే ఉంచుకో" అని లోవరాజు దగ్గర దింపి వెళ్ళారు. ఆయన నన్ను రేకు గోడ చివర, గుమ్మం పక్కన ఆనించాడు. అక్కణ్ణుంచి చూస్తే అటు ఆవిడా కనిపిస్తుంది, ఇటు ఆయనా కనిపిస్తాడు. ఇంత మంచి చోటు దొరికిందని సంబరపడ్డాను. అన్నీ చూడాల్సి వస్తుందని తెలియలేదు.

నూకరత్నానికి తలనొప్పులు మొదలయ్యాయి. విశాఖపట్నంలో తలకి ఆపరేషను చేశారు. మెదడులో గడ్డ కొంత తీశారు, కొంత తీయలేమన్నారు. జుట్టు లేని తలకి చీర చెంగు కప్పుకుని ఇంటికి వచ్చింది. నడక మెల్లగా ఉండేది. నూనె నేల మీద జారుతుందని లోవరాజు ఆవిణ్ణి ఇవతలకి రానిచ్చేవాడు కాదు. పాత అలవాటుగా మిషను ముందు కూర్చుని ఏవో పేలికలు కుట్టేది. మాట బాగానే ఉంది. ఆయన మొహంలో ప్రాణం పడింది. మొదటి రోజే హుషారుగా కేకేశాడు.

"రత్నం, యాభై ఏడు?"

అటునుంచి "మొండిది" అంది ఆవిడ.

లోవరాజు చేతిలో సూది అలాగే ఉండిపోయింది. ఐదూ ఏడూ కలిపితే పన్నెండు, మూడుతో పోతుందని ఆయనకి నేర్పిందే ఆవిడ. మూడు పంతొమ్మిదులు. రేకు వైపు చూస్తూ, "సరే రత్నం" అన్నాడు. పళ్ళెం జోలికి పోలేదు. చొక్కా తొడుక్కుని బజారుకి వెళ్ళి ఒక కొత్త టేపు తెచ్చాడు. యాభై ఏడో గీత దగ్గర కత్తిరించి, కర్రబిళ్ళ చెక్కి, దాని చుట్టూ చుట్టి, ఒక పూటలో అయిపోయే పనిని వారమంతా చేశాడు. ఆవిడ మొండిదంది కనక అది ఆ ఇంట్లో మొండిదే.

ఆ తరవాత తొంభై ఒకటి మొండిదైంది. అది పోనీ, ఏడు పదమూళ్ళు, ఎంతటివాళ్ళైనా తడబడే అంకె. తరవాత నలభై ఎనిమిది. తరవాత ముప్పై ఆరు. చివరికి ఏ అంకె వేసినా అటునుంచి వచ్చే జవాబు అదొక్కటే అయింది. పాపం, ఆవిడ లోపల అంకెలు విడిపోవడం అనేదే మాయమైపోయింది. ప్రతిసారీ ఆయన "సరే రత్నం" అన్నాడు, ప్రతిసారీ టేపు తెచ్చాడు. ఫ్యాన్సీ షాపు ఆవిడ, "ఇన్ని టేపులేటన్నా, వదిన మళ్ళీ కుట్లు జోరుగా మొదలెట్టినాదేటి?" అని అడిగిందట. "జోరుగానే" అన్నానని ఆయనే తనలో తను చెప్పుకుని నవ్వాడు. ఆ నవ్వు నేను విన్నాను. వినకపోయుంటే బాగుండేది.

పని ఆలస్యమవుతోందని పని ఇచ్చినవాళ్ళు తిట్టారు, వేరే షాపులకి పోయారు. టేపు చుట్టిన కర్రబిళ్ళలు లేతు వెనక గోడకి మేకులకి వేలాడేవి. ఆవిడ ఇవతలకి రాదు కదా అని ఆయన ధైర్యం.

ఒక మధ్యాహ్నం ఆయన టీకి వెళ్ళాడు. నూకరత్నం లేచి, నా మీద చెయ్యి ఆనించి నిలదొక్కుకుని ఇవతలకి వచ్చింది. ఆ చెయ్యి బాగా తేలికైపోయింది. గోడకున్న బిళ్ళల్ని చూసింది. ఒకటి దింపి టేపు చివరి గీత చదివింది. ఇరవై నాలుగు. అవతలికి వెళ్ళి గుండీల డబ్బా తెచ్చుకుని నా ఎదట నేల మీద కూర్చుంది. ఒక్కొక్కటే ఇరవై నాలుగు గుండీలు లెక్కపెట్టుకుని వరసలు పేర్చింది. రెండు వరసలు పేరిస్తే సమానంగా వచ్చాయి. చెరిపి మూడు పేర్చింది. అవీ సమానంగా వచ్చాయి. నాలుగు వరసలు పేర్చాక ఇంక చెరపలేదు. ఆ గుండీల వంకా, గోడ మీద బిళ్ళల వంకా, మళ్ళీ గుండీల వంకా చూస్తూ కూర్చుంది. తను ఎన్నాళ్ళుగా తప్పు చెబుతోందో, ఆయన ఎన్నాళ్ళుగా ఆ తప్పుని మోస్తున్నాడో ఆవిడకి అర్థమైపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గుండీలన్నీ ఏరి డబ్బాలో వేసుకుని, బిళ్ళని మేకుకి తగిలించి, నన్ను పట్టుకుని అవతలికి వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచి ఆవిడ అంకెకి జవాబు చెప్పలేదు.

అన్నం తిన్నావా అనేది, వాన వస్తోంది బట్టలు తియ్యమనేది. అంకె అడిగితే మాత్రం పెదవులు బిగించేది. నేను చెబితే కదా నీకు ఇంత చాకిరీ, నేను నోరు మూసుకుంటే పళ్ళెం దగ్గరికి వెళ్ళి చక్కగా ఒక పూటలో చేసుకుంటావు. ఇదీ ఆవిడ మనసులో ఉన్నది. లోవరాజుకి అది తెలియదు. జబ్బు ముదిరి అంకెలు పూర్తిగా పోయాయనుకున్నాడు. రేకుకి నుదురు ఆనించి, "పోనీ ఆరు చెప్పు రత్నం. నాలుగు చెప్పు. తప్పైనా పరవాలేదే, ఏదో ఒకటి చెప్పు" అని బతిమాలాడు. అవతల ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఒకళ్ళ కష్టం ఒకళ్ళకి తగలకూడదని ఇద్దరూ ఇంత కష్టపడ్డారు, మధ్యలో ఒక్క రేకు. అటూ ఇటూ చూస్తూ నేను. నోరు లేకపోవడం అంటే ఏమిటో నాకు ఆ రోజుల్లోనే తెలిసింది.

వానాకాలంలో నాకు తుప్పు పట్టింది. ఒక రోజు ఆయన పనేమీ లేక, గుడ్డ నూనెలో ముంచుకుని నా ముందు కూర్చున్నాడు. ఒక్కో పన్నే తుడుస్తూ పైకి లెక్కపెట్టాడు. కళ్ళు తుడుచుకోవడానికి మధ్యలో ఎక్కడో ఆగి, ఒక పన్ను దాటేశాడు. "యాభై తొమ్మిది. అరవై" అని గుడ్డ పక్కన పడేశాడు.

"ఒకటి వదిలీసినావు బావా."

లోవరాజు కదల్లేదు. "లేదే, సరిగ్గానే ఉన్నాది. అరవయ్యే" అన్నాడు. ఇంకొక్క మాట అనిపించాలని ఆశ.

"కాదు. మళ్ళీ లెక్కెట్టు. అది అరవై ఒకటి, మొండిది" అంది ఆవిడ గదమాయిస్తూ. పూర్వంలాగే.

తన తప్పులకి భయపడి నోరు కట్టేసుకున్న మనిషి ఆయన తప్పుని మాత్రం చూస్తూ ఊరుకోలేకపోయింది. ఆయన నా పళ్ళని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చాడు, నవ్వాడు, మళ్ళీ ఏడ్చాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. అవతలినుంచి ఆవిడ ప్రతి అంకెకీ ఊఁ కొట్టింది.

ఉగాది ముందు వచ్చే నూకాలమ్మ జాతర రాకముందే ఆవిడ పోయింది.

లోవరాజు లేతు అమ్మేశాడు. పళ్ళు కోసే మిషనూ, బెజ్జాల పళ్ళెం కూడా తూకానికి పోయాయి. కొన్నవాడు నా మీద కాలు వేసి, "ఇది కూడా ఎత్తీమంటారా?" అని అడిగాడు. ఆయన అక్కర్లేదన్నాడు. రేకు గోడ తీసేస్తే షాపు విశాలంగా ఉంటుందని ఎవరో అంటే దానికీ ఒప్పుకోలేదు. అవతల కుట్టుమిషను ఉంది. మేకుకి ఇరవై నాలుగు దగ్గర మొదలయ్యే టేపు ముక్క వేలాడుతోంది.

ఇప్పుడు ఆయన రోజూ పొద్దున్నే నూనె గుడ్డ పట్టుకుని నా ముందు కూర్చుంటాడు. తుప్పు లేకపోయినా తుడుస్తాడు. ఒక్కో పన్ను మీదా బొటనవేలు పెట్టి, అవతలికి వినపడేలా పైకి లెక్కపెడతాడు. ఒక్కటీ తప్పడు. యాభై ఎనిమిది అంటాడు, యాభై తొమ్మిది అంటాడు. అరవై అని, తరవాతి పన్ను మీద వేలు పెట్టి ఆగిపోతాడు. రేకు వైపు చూస్తాడు.

నా అరవై ఒకటో పన్ను ఆయన వేలి కిందే ఉంటుంది. ఆయన చాలాసేపు అలాగే వింటూ కూర్చుంటాడు.